మనిషి బొమ్మ గీయడం నేర్చుకునేవారికి: లైఫ్ డ్రాయింగ్ తరగతిలో ఏది ముందు, ఏది తరువాత

కడప చుట్టుపక్కల బొమ్మలు నేర్చుకునేవారిలో ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు సిద్ధమై వచ్చినవారు తరచుగా కనిపిస్తారు. కుండను, పువ్వును, ఆకుల డిజైనును గట్టి పెన్సిలుతో మచ్చ పడకుండా గీయడం వారి చేతికి అప్పటికే అలవాటై ఉంటుంది. అటువంటి విద్యార్థి ఎదుట ఒక మనిషి వచ్చి కూర్చుంటే, అతడు కనుబొమతో మొదలుపెట్టి, ముక్కును, పెదవులను తీర్చిదిద్ది, భుజాల దగ్గరికి చేరేసరికే సగం సమయం గడిపేస్తాడు. పాదాలకు కాగితమే మిగలదు. 2020లో కడపలో ఏర్పడిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో సీటు కోరుకునేవారికైనా, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం తరగతికి వెళ్లేవారికైనా, నేర్చుకోవలసిన క్రమం ఒక్కటే. ముందు నిలకడ, తరువాత వాలు, ఆపైన కొలత, అన్నిటికంటే చివర నీడ. మొదటి మూడింటినీ విద్యార్థి తనంతట తానే సరిచూసుకోగలడు. బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది మాత్రం ఎవరూ కొలిచి చెప్పలేరు గనుక, మొదటి నెలల్లో ఆ ప్రశ్నను పక్కన పెట్టడమే మంచిది.

సరంజామా ఎక్కువ అక్కరలేదు. ఏ2 సైజు డ్రాయింగ్ బోర్డు, న్యూస్‌ప్రింట్ (వార్తాపత్రికల) కాగితం, చార్కోల్ (బొగ్గు) కడ్డీలు, పిసికితే మెత్తబడే రబ్బరు, క్లిప్పులు చాలు. మందమైన కార్ట్‌రిడ్జ్ పేపర్‌ను సుదీర్ఘ భంగిమల కోసం దాచుకోవచ్చు. మన ఎండాకాలంలో ఫ్యాను ఆపి గీయడం కుదరదు గనుక నాలుగు మూలలా క్లిప్పులు పెట్టాలి. చెమట చేయి తగిలితే చార్కోల్ చెరిగిపోతుంది గనుక అరచేతి కింద ఒక తెల్లకాగితం ముక్క ఉంచుకోవాలి. బోర్డును ఒళ్లో పరచుకోవడం కంటే ఈజిల్ (బోర్డును నిలబెట్టే స్టాండు) మీదనో కుర్చీ వీపుకు ఆనించో నిలబెట్టడం మేలు. పరచిన కాగితం పైభాగం కంటికి కుదించుకుపోయినట్టు కనిపించడం వల్ల అక్కడ గీసినది తెలియకుండానే సాగిపోతుంది, నిలబెట్టి చూస్తే తల, మెడ పొడవైపోయి ఉంటాయి.

ప్రతి తరగతినీ అర నిమిషం, ఒక నిమిషం, రెండు నిమిషాల భంగిమలతో మొదలుపెట్టాలి. వీటిని జెశ్చర్ డ్రాయింగులంటారు. వీటిలో కళ్లు, వేళ్లు, జుట్టు ఏవీ గీయనక్కరలేదు. తల నుంచి వెన్ను వెంట దిగి, బరువు మోస్తున్న కాలి మడమ దాకా వెళ్లే ఒక్క గీతను ముందుగా వేసి, దాని మీద భుజాల వాలునూ తుంటి వాలునూ రెండు అడ్డగీతలుగా పెట్టాలి. చేయి మణికట్టు దగ్గర కాక భుజం దగ్గర కదలాలి. చార్కోల్ కడ్డీని రాసే కలంలా పట్టుకుంటే ఇది సాధ్యం కాదు. బొటనవేలికీ తక్కిన వేళ్లకూ మధ్య అడ్డంగా పట్టుకోవాలి. ఈ బొమ్మలు ఇంట్లో ఎవరికీ చూపించబుద్ధి కాదు, అయినా తరగతి మొత్తంలో వీటికి మించిన అభ్యాసం లేదని నా అభిప్రాయం.

నిలకడ దగ్గర కొంత ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ బొమ్మలు అక్కడే పడిపోతాయి. మనిషి ఒంటికాలి మీద బరువు వేసి నిలబడినప్పుడు, బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేస్తుంది; శరీరం సర్దుకోవడానికి అదే వైపు భుజం సాధారణంగా కిందికి దిగుతుంది. మన శిల్పులు త్రిభంగంలో, అంటే శరీరం మూడు చోట్ల వంగిన నిలుపులో, పట్టుకున్నది ఈ ఎదురెదురు వాలులనే. దీనిని సరిచూసుకోవడానికి ఒక దారానికి తాళంచెవి కట్టి, చేయి చాచి, మోడల్‌కూ మీ కంటికీ మధ్య వేలాడదీయండి. ఎదుటి నుంచి చూస్తున్నప్పుడు, గొంతు కింద కాలర్ ఎముకలు కలిసే చోట ఉన్న గుంట మీద దారాన్ని పెడితే, అది దాదాపుగా బరువు మోస్తున్న కాలి లోపలి చీలమండ దగ్గరికి దిగుతుంది. బరువు రెండు కాళ్ల మీదా సమంగా ఉంటే దారం పాదాల మధ్య పడుతుంది. మోడల్ గోడకో కర్రకో ఆనుకుని ఉంటే దారం పాదాలను దాటి బయట పడవచ్చు, అప్పుడు ఆ గోడనూ కర్రనూ బొమ్మలో చేర్చకపోతే మనిషి ఒరిగిపోతున్నట్టే ఉంటుంది. ఇదే పరీక్షను మీ కాగితం మీద కూడా చేయండి. దారం తప్పు చూపిస్తే ముఖం ఎంత బాగా కుదిరినా ఆ బొమ్మను అక్కడే ఆపి, మళ్లీ మొదలుపెట్టడం తక్కువ శ్రమ.

కొలతకు పెన్సిలును చాచిన చేతిలో పట్టుకుని, మోచేయి వంచకుండా, ప్రతిసారీ ఒకే కన్ను మూసి చూడాలి. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న తల పొడవును ప్రమాణంగా తీసుకుంటే నిలబడిన పెద్దవారి ఎత్తు సుమారు ఏడున్నర తలలు ఉంటుంది. శరీరపు సగం బొడ్డు దగ్గర కాక దాని కింద, కాళ్లు చీలే చోట వస్తుంది. మన శిల్పశాస్త్రంలోని నవతాళ ప్రమాణంలో కూడా శరీరపు సగం ఇక్కడికే చేరుతుంది. అందులో ముఖం 12 అంగుళాలు, మెడ 4, మెడ నుంచి రొమ్ము, రొమ్ము నుంచి బొడ్డు, బొడ్డు నుంచి కాళ్లు చీలే చోటు ఒక్కొక్కటి 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4, వెరసి 108. నుదుటి పైన జుట్టు ఉండే తల భాగానికి మరో 4 కలిపితే 112 అవుతుంది, అందులో సరిగ్గా 56 దగ్గర కాళ్లు చీలుతాయి. అయితే ఈ అంగుళం టేపు మీది అంగుళం కాదు, ముఖం పొడవులో పన్నెండో వంతు. ముఖమంటే నుదుటి జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా మాత్రమే. తల కొలతనూ ముఖం కొలతనూ కలగలిపేస్తే బొమ్మ పొడుగు తప్పుతుంది. కొత్తవారు తలను పెద్దగా, చేతులనూ పాదాలనూ చిన్నగా వేయడం మామూలే. అరచేతి మొదలును మీ గడ్డానికి ఆనించి చూసుకోండి, వేళ్ల కొసలు దాదాపు జుట్టు దాకా వెళతాయి.

ఈ లెక్కలన్నీ నిలబడిన మనిషికే. మన ఊళ్లలో మోడల్‌గా వచ్చే పెద్దాయనను హాయిగా కూర్చోమంటే గొంతుక్కూర్చునే అవకాశం ఎక్కువ. పాశ్చాత్య అభ్యాస పుస్తకాలలో తక్కువగా కనిపించే ఈ భంగిమను మన విద్యార్థులు తప్పక గీయాలి. ఎదుటి నుంచి చూస్తే తొడలు మనవైపు పొడుచుకు వచ్చి పొట్టిగా కనిపిస్తాయి, మోకాలి చిప్పలు చంకల ఎత్తుకు దగ్గరగా వస్తాయి, మడమలు నేలకు ఆని ఉంటాయి. చాచిన చేతులు మోకాళ్ల మీద ఊరికే పెట్టుకున్నవి కావు. వెనక్కి జరిగిన పిరుదుల బరువుకు అవి ముందువైపు తూకం. తొడ ఇంత పొడవుండాలన్న జ్ఞాపకాన్ని అప్పటికి మరచిపోయి, రెండు మోకాళ్ల మధ్యనా, చేతికీ పొట్టకూ మధ్యనా ఏర్పడిన ఖాళీల ఆకారాన్ని గీయండి. ఖాళీ సరిగ్గా వస్తే తొడ దానంతట అదే కుదురుతుంది.

మన దగ్గర మోడల్ బట్టలతోనే కూర్చుంటారు గనుక శరీర నిర్మాణం నేర్చుకోలేమని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. గొంతుగుంట, మోచేయి, మణికట్టు, మోకాలు, చీలమండ చాలాసార్లు బయటే ఉంటాయి. లోపలి చీలమండ బయటి దానికంటే ఎత్తులో ఉంటుందన్న ఒక్క సంగతిని గమనిస్తే చాలు, పాదం నేల మీద నిలుస్తుంది. పంచె ముడతలను లెక్కపెట్టి గీయకూడదు. గుడ్డ ఎక్కడ బిగుసుకుందో, అంటే మోకాలి మీదనో తుంటి మీదనో, ఆ చోటును పట్టుకుంటే అక్కడి నుంచి బయలుదేరే నాలుగైదు ముడతలే సరిపోతాయి. చీర కట్టుకున్న మోడల్ నిలబడినప్పుడు కుచ్చిళ్లు కాళ్లను కప్పేస్తాయి గనుక, బరువు ఏ కాలి మీద ఉందో తుంటి వాలును బట్టి, బయటికి కనిపించే పాదాన్ని బట్టి తెలుసుకోవాలి.

నీడకు ఒకే కిటికీ వెలుతురు, రెండే రంగులు: కాగితపు తెలుపు, చార్కోల్ నలుపు. విడివిడి నీడలను ఒకే మచ్చగా కలపడం వచ్చేదాకా వేలితో రుద్ది నునుపు చేయడం జోలికి పోవద్దు.

ప్రతి కాగితం మూలన తేదీ, భంగిమ నిడివి రాయండి, ఏదీ చించిపారేయవద్దు. నెలకొకసారి ఒకే నిడివి ఉన్న బొమ్మలను నేల మీద వరుసగా పరచి, తలకిందులు చేసి, అద్దంలో చూసి, దారంతో, పెన్సిలుతో పరీక్షించండి. మెరుగుదల ముందుగా రెండు నిమిషాల బొమ్మల్లోనే కనిపిస్తుంది. ఇరవై నిమిషాల బొమ్మలు కొంతకాలం మునుపటికంటే బిగుసుకుపోయినట్టు ఉండవచ్చు, కొలతలు కొత్తగా చేరడమే అందుకు కారణం. అప్పుడు కొలతను వదిలేయకండి. సుదీర్ఘ భంగిమను కూడా ముందు రెండు నిమిషాల జెశ్చర్‌గా పలుచగా గీసి, దాని మీదనే కొలవండి. సార్ దిద్దేటప్పుడు మీ బొమ్మ మీద కాక పక్కనున్న ఖాళీలో గీయమని వినయంగా అడగండి. లేకపోతే నెల తరువాత ఏది మీ గీతో ఏది ఆయన గీతో తెలియదు.

తరగతి లేని రోజుల్లో ఆర్టీసీ బస్టాండు మంచి చోటు. బస్సు కోసం ఎదురుచూసేవారు సంచి బరువును చేయి మార్చి చేయి మోస్తూ తుంటి వాలును మీ కళ్ల ముందే మార్చి చూపిస్తారు. చిన్న పుస్తకంలో బాల్‌పెన్నుతో గీస్తే చెరిపే అవకాశం ఉండదు గనుక చూపు నిదానిస్తుంది. దగ్గర కూర్చుని గీసేటట్టయితే "పెద్దాయనా, మీ బొమ్మ గీసుకోవచ్చా?" అని అడగాలి, వద్దంటే పుస్తకం మూసేయాలి.

కదలని మోడల్ కావాలనుకుంటే లేపాక్షి వీరభద్రస్వామి ఆలయానికి ఒకరోజు కేటాయించండి. విజయనగర కాలపు ఆ ఆలయంలో అందరి చూపూ పైకప్పు చిత్రాల మీదికే పోతుంది. వాటి బలమంతా గీతలో ఉంది, గీత మీద మోజు మన విద్యార్థికి ముందే ఉంది. అందుకే ముందుగా నాట్యమండప స్తంభాల దగ్గర నిలబడి, వాటి మీది నర్తకులను, వాద్యకారులను గీయండి. ఒక శిల్పాన్ని ఎదుటి నుంచి గీసిన తరువాత రెండు అడుగులు పక్కకు జరిగి మళ్లీ గీసి, అదే తుంటి వాలు ఈసారి ఎంత తగ్గి కనిపించిందో మొదటి బొమ్మ పక్కన రాసుకోండి.