జాతర నాడు డిస్కు నిండితే: ఎల్‌వీఎంతో చోటు పెంచుకునే పద్ధతి

సిరిమాను రెండో చుట్టులో ఉండగా నా ఫోను మోగింది. కొట్టు నుంచి మా మేనల్లుడు. "మామయ్యా, కార్డు సగంలో ఆగిపోయింది. డిస్కులో చోటు లేదంటోంది."

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగ మంగళవారం మాకు నాలుగు కెమెరాల పని. కార్డు నిండగానే ఒక కుర్రాడు గంటస్తంభం దగ్గరున్న మా కొట్టుకు చేరవేస్తాడు. అక్కడ లినక్స్ కంప్యూటర్లోకి ఎక్కించి, ఖాళీ చేసిన కార్డు వెనక్కి పంపాలి. ఎక్కించడం ఆగితే కెమెరాలూ ఆగుతాయి. ఆ రోజు జనంలో నిలబడి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఆదేశాలు కూడా ఫోనులో పలికినట్టే ఇస్తాను. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి, పెద్దక్షరం అన్న చోట మాత్రం పెద్దక్షరం. ప్రతిదానికీ ముందు సుడో (పెద్ద అధికారంతో నడపమనే మాట) ఉండాలి.

మా తాతగారింట్లో ధాన్యపు గాదె ఉండేది. గాదెలో పోశాక ఏ గింజ ఏ బస్తాదో ఎవరికీ అక్కర్లేదు. తిండికి ఇంత, విత్తనానికి ఇంత అని కుంచంతో కొలిచి తీసేవారు. లినక్స్‌లోని ఎల్‌వీఎం, అంటే లాజికల్ వాల్యూమ్ మేనేజర్, సరిగ్గా అదే. డిస్కు ఒక బస్తా, దాన్ని ఫిజికల్ వాల్యూమ్ అంటారు. బస్తాలన్నీ పోసిన గాదె వాల్యూమ్ గ్రూపు. ఒక్కో అవసరానికి కొలిచిచ్చేది లాజికల్ వాల్యూమ్. కొలిచే కుంచం పేరు ఎక్స్‌టెంట్. కుంచానికి నాలుగు మానికలైతే, ఎక్స్‌టెంటుకు మామూలుగా 4 మెబీబైట్లు (1024 లెక్కలో మెగాబైట్లు). అంటే ఒక జీబీకి 256 కుంచాలు. మా కంప్యూటర్లో గ్రూపు పేరు నిజంగానే గాదె. అందులో సిస్టంకు ఒక వాల్యూమ్ పోగా పెళ్లిళ్లు, జాతర అని రెండున్నాయి.

నిండింది ఏదో ముందు తేల్చుకోవాలి. డీఎఫ్ హైఫన్ హెచ్ కొట్టిస్తే 300 జీబీల జాతర నూటికి నూరు చూపించింది. తరువాత వీజీఎస్ అనే మూడక్షరాల ఆదేశం. అందులో చివరి గడి వీఫ్రీ, అంటే గాదెలో ఎవరికీ కొలిచివ్వకుండా మిగిలిన ధాన్యం. వాడు చదివాడు: 80 జీబీ. గాదె కట్టిన రోజు మొత్తం పంచెయ్యకుండా నేను అట్టే పెట్టిన 80. కంప్యూటర్ ఆపక్కర్లేదు, కొత్త డిస్కు వెతకక్కర్లేదు, కార్డుల పని సాగుతుంది.

చెప్పిన ఆదేశం ఇది: ఎల్‌వీఎక్స్‌టెండ్, హైఫన్ చిన్న ఆర్, హైఫన్ పెద్ద ఎల్, ప్లస్ 60 పెద్ద జీ, చివర గాదె స్లాష్ జాతర. చిన్న ఆర్ చాలా ముఖ్యం. అది లేకపోతే వాల్యూమ్ పెరుగుతుంది కానీ లోపల ఫైళ్లను అమర్చి ఉంచే ఫైల్ సిస్టం పాత కొలతలోనే ఉండిపోతుంది. అప్పుడు ఆ ఫైల్ సిస్టం రకం ఈఎక్స్‌టీ4 అయితే రీసైజ్‌2ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ అండర్‌స్కోర్ గ్రోఎఫ్‌ఎస్ విడిగా నడపాలి.

వాడు కొట్టాడు. "వద్దంటోంది మామయ్యా. 15360 కుంచాలు 76800 కంటే పెద్దవి కావంటోంది." 256తో భాగించండి: 60, 300. ప్లస్ వదిలేశాడు. ప్లస్ ఉంటే ఉన్నదానికి 60 కలుపు అని అర్థం, లేకపోతే మొత్తాన్ని 60 చెయ్యి అని. ఎల్‌వీఎక్స్‌టెండ్ పెంచడమే తెలిసిన ఆదేశం కాబట్టి ఒప్పుకోలేదు. అదే ఎల్‌వీరీసైజ్ అయితే కుదించడానికి సిద్ధపడేది. అందుకే పెంచే పనికి నేనెప్పుడూ దాన్ని వాడను. ప్లస్ పెట్టాక అర నిమిషంలో పని అయింది. ఫైళ్లు తెరిచి ఉండగానే, కార్డు గుచ్చి ఉండగానే.

కొత్త డిస్కు సంగతి రాత్రి చూశాం. కొని ఉంచిన 2 టీబీ డిస్కు బల్ల మీద ఉంది. దాని పక్కనే, అదే కొలతలో, పాత పెళ్లిళ్ల నకళ్లు దాచిన డిస్కు కూడా. కంప్యూటర్ ఆపి, ఒకటి బిగించి, మళ్లీ వెలిగించాడు. పీవీక్రియేట్, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ అన్నాను. పీవీక్రియేట్ డిస్కును గాదెలో పోయదగ్గ బస్తాగా మారుస్తుంది, ఎస్‌డీబీ ఆ డిస్కుకు లినక్స్ పెట్టిన పేరు. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: 1080వ స్థానంలో ఈఎక్స్‌టీ4 గుర్తు కనిపించింది, చెరిపెయ్యమంటావా, వై నా ఎన్ నా? వాడి వేలు వై మీద ఉంది. కొత్త డిస్కుకు ఈ ప్రశ్న రాదురా అన్నాను. అడిగిందంటే అందులో ఇదివరకు ఎవరో కాపురం ఉన్నట్టే. ఎన్ కొట్టించి, ఆపించి, విప్పిస్తే అది పాత డిస్కు.

కాబట్టి పీవీక్రియేట్‌కు ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ చిన్న ఓ, ఆపైన నేమ్, సైజ్, మోడల్, సీరియల్ అని మధ్యలో కామాలు పెట్టి, ఖాళీలు లేకుండా కొట్టండి. డిస్కు మీద అంటించిన కాగితంలోని సీరియల్ నంబరు తెర మీది నంబరుతో అక్షరం అక్షరం కలవాలి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లను నమ్మకండి, కంప్యూటర్ మళ్లీ వెలిగినప్పుడు అవి తారుమారు కావచ్చు.

అసలు డిస్కు బిగించాక పీవీక్రియేట్ మాట్లాడకుండా ఒప్పుకుంది. తరువాత వీజీఎక్స్‌టెండ్, గాదె, ఆపైన ఖాళీ వదిలి స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ. గాదెలో 476932 కుంచాలు చేరాయి. 2 టీబీ కొంటే 1.82 చూపిస్తోందని అంగడివాడిని తిట్టకండి. పెట్టె మీద వెయ్యితో గుణించిన లెక్క, లోపల 1024తో గుణించిన లెక్క. అంతే తేడా.

జాతరకు ప్లస్ 500 జీ ఇచ్చి ఆగాను. మొత్తం ఒకేసారి ఇచ్చెయ్యడానికి ఆదేశం ఉంది, హైఫన్ చిన్న ఎల్ ప్లస్ 100 పర్సెంట్ ఫ్రీ. నేను వాడను. పెంచడం నడుస్తున్న కంప్యూటర్లో అర నిమిషం పని. కుదించాలంటే ఈఎక్స్‌టీ4ను అన్‌మౌంట్ చేసి (వాడకం నుంచి విడదీసి), తనిఖీ చేయించి, నకలు పక్కన పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చెయ్యాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఆ ఆలోచనే మానుకోండి. ఇప్పుడు వీఫ్రీ 1.35 టీ అని ఉంది. "ఇంత ఖాళీ ఎందుకు మామయ్యా?" అన్నాడు. మాఘంలో ముహూర్తాలు ఎక్కువైతే పెళ్లిళ్లు వాల్యూమ్‌కు వెళుతుంది అన్నాను.

ఇంకో చిన్న లెక్క. ఈఎక్స్‌టీ4 మామూలుగా నూటికి 5 పాళ్లు రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) కోసం దాచుకుంటుంది. వీడియోలు మాత్రమే ఉండే వాల్యూమ్‌లో అది దండగ. ట్యూన్‌2ఎఫ్‌ఎస్ హైఫన్ చిన్న ఎమ్ 1 కొట్టి, వాల్యూమ్ దారి (స్లాష్ డెవ్ స్లాష్ గాదె స్లాష్ జాతర) ఇస్తే ఒక పాలుకు తగ్గుతుంది. సిస్టం ఉన్న వాల్యూమ్ జోలికి మాత్రం వెళ్లకండి.

ఏదైనా డిస్కు ముసలిదై శబ్దం చేస్తుంటే పీవీమూవ్ దాని పేరుతో కొట్టండి. అందులోని కుంచాలు మిగతా డిస్కుల్లోకి ఒలుకుతాయి, అక్కడ చోటుంటే. మధ్యలో కరెంటు పోయినా భయం లేదు, మళ్లీ వట్టి పీవీమూవ్ అంటే ఆగిన చోటు నుంచి సాగుతుంది. ఖాళీ అయ్యాక బస్తాను గాదె నుంచి తీసే వీజీరెడ్యూస్, ఎల్‌వీఎం గుర్తు చెరిపే పీవీరిమూవ్, ఆపైన విప్పడం. కంప్యూటర్ వెలగడానికి కావలసిన బూట్ భాగం ఆ డిస్కు మీదే ఉంటే మాత్రం అది మామూలుగా గాదెలోది కాదు, దాన్ని వేరుగా చూసుకోవాలి.

గాదె మీద అతి నమ్మకమూ వద్దు. మా జాతర ఇప్పుడు రెండు డిస్కుల మీద పరుచుకుని ఉంది. రెండింట్లో ఏది చచ్చినా జాతర మొత్తం పోయినట్టే. ఎల్‌వీఎం చోటు కలుపుతుంది, నకలు తియ్యదు. అందుకే ఆ రాత్రి బతికిపోయిన పాత డిస్కు ఇప్పుడు మా ఇంటి బీరువాలో ఉంది. దాని మీద మేనల్లుడి చేతే పెద్ద అక్షరాలతో రాయించి అంటించాను: "గాదెలో పోయరాదు."