గుండె పేషెంట్లు డిశ్చార్జ్ అయ్యాక వెంటనే మళ్లీ చేరకుండా ఏం చేయాలి

గుండె బలహీనత ఉన్న పేషెంటు ఇంటికెళ్లిన పది రోజులకే ఆయాసంతో మళ్లీ క్యాజువాలిటీలో దిగాడంటే, చాలాసార్లు తేడా వచ్చేది డిశ్చార్జ్ నాటి సాయంత్రమే. ఆరోగ్యశ్రీ కాగితాలు, పాడేరు బస్సు టైము, ఆ హడావిడిలో చీటీ చేతిలో పెట్టి "అన్నీ రాసున్నాయి" అనేస్తాం. మందులు, జాగ్రత్తలు వివరించే పని పేషెంటు చేరిన రెండో రోజే మొదలవ్వాలి.

ముందు ఇంట్లో మాత్రలు ఎవరిస్తారో కనుక్కోండి. వార్డులో కాపలా ఉండేది కొడుకు, ఇంట్లో మాత్రలు తీసిచ్చేది కోడలు. చెప్పాల్సింది ఆవిడకి. రాలేకపోతే వీడియో కాల్ చేయించండి.

పాత మందులు సంచీతో సహా తెప్పించి మంచం మీద పోయండి. టెల్మా, టెల్మికైండ్ రెండూ ఒకటే మందు, టెల్మిసార్టాన్. రెండూ వేసుకుంటే బీపీ పడిపోయి బాత్రూంలో కూలబడతారు. వద్దన్న షీట్ల మీద పెన్నుతో అడ్డంగా కొట్టేయండి. ఒళ్లు నొప్పులకని ఊళ్లో తీసుకునే డైక్లోఫెనాక్ గురించి విడిగా అడగండి. అడగందే ఎవరూ చెప్పరు. అది ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టి, నీరు లాగడానికి మనమిచ్చిన ఫ్యూరోసెమైడ్ పని చెడగొడుతుంది.

షుగర్ కూడా ఉంటే సిరంజి మూత రంగు చూపించండి. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్ సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 ఉండేదానికి నారింజ మూత సిరంజి. 40 సీసా మందుని నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే, షుగర్ దిగదు. 100 సీసాకి ఎర్ర మూత వాడితే అదే గీత దగ్గర 50 యూనిట్లు వెళ్తాయి, మనిషి స్పృహ తప్పుతాడు.

"అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. "రేపు పొద్దున్న ఏవేం వేస్తావో తీసి చూపించమ్మా" అనండి. తడబడిన చోటే మళ్లీ చెప్పండి.

ఉప్పు తగ్గించమంటే కూరలో తగ్గిస్తారు. పక్కన ఆవకాయ, అప్పడం, ఎండు నెత్తళ్లు మామూలే. హార్బరు పక్క వీధుల్లో ఎండు చేప పేరు ఎత్తకుండా ఉప్పు గురించి చెప్పడం దండగ. రోజంతా కలిపి ఒక టీ స్పూను, అంటే 5 గ్రాములు దాటకూడదని చెంచాతో కొలిచి చూపించండి.

రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చి, టిఫినుకి ముందు బరువు చూసుకోవాలి. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్లు వాచేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి. పడుకుంటే ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా నేరుగా 108కే.

రాసుకున్న నంబరుకి పేషెంటు వార్డులో ఉండగానే రింగిచ్చి చూడండి. సగం తంటా అక్కడే. అరకు వైపు కొండ ఊళ్లయితే సిగ్నల్ ఉండదు, ఆశా కార్యకర్త నంబరు కూడా తీసుకోండి. డిశ్చార్జ్ అయ్యాక 48 నుంచి 72 గంటల్లోపు మనమే ఫోన్ చేయాలి. "బాగున్నారా" అంటే బాగున్నామనే అంటారు. ఇవాళ బరువెంత, షాపులో ఏ మాత్ర దొరకలేదు, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు, ఇవీ అడగాల్సినవి. నిన్నటిదాకా ఒక దిండు, ఇవాళ మూడు అన్నారంటే పడుకుంటే ఆయాసం పెరుగుతున్నట్టే, వారం తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు, ఆ రోజే రమ్మనండి.