పక్కింటి అవ్వకు రేషన్ ఆగిపోతే: ఎక్కడ ఆగిందో ఎలా పట్టుకోవాలి?

"బియ్యం లేవన్నాడు బిడ్డా." మా వీధిలో ఒంటరిగా ఉండే అవ్వ ఖాళీ సంచీతో తిరిగొచ్చి చెప్పేది ఇంతే. డీలర్ ఆమెతో అసలు ఏమన్నాడో తెలియదు. వేలు పడలేదన్నాడా, కార్డులో పేరు లేదన్నాడా, స్టాక్ రాలేదన్నాడా? ఒక్కోదానికి ఒక్కో మందు. అందుకే మర్నాడు మీరూ వెంట వెళ్లండి. షాపులో వేలిముద్ర తీసుకునే ఈపాస్ యంత్రం తెర మీద ఏం వచ్చిందో మీ కళ్లతో చదవండి. కుదిరితే ఫోటో తీసుకోండి.

ముందు ఇవాళ్టి పూట

కార్డు పని తేలడానికి వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. ఆకలి అన్నాళ్లు ఆగదు. తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. ఆంధ్రప్రదేశ్‌లో 5 కిలోలు. ఒక్క మనిషికి ఓ నెల సర్దడం నాలుగిళ్ల వాళ్లకు పెద్ద లెక్కేం కాదు.

ఊరికే ఇస్తే తీసుకోని వాళ్లుంటారు. "నీ బియ్యం వచ్చినంక ఇద్దువుగానిలే అవ్వా" అంటే ఆమె మొహం తేలికపడుతుంది. తర్వాత నిజంగానే తెచ్చిస్తే కాదనకుండా తీసుకోండి. ఇంకోమాట, గ్యాస్ ఉందో లేదో అడగండి. నేను ఒకసారి బియ్యం, పప్పు ఇచ్చి గొప్ప పని చేశాననుకున్నాను. మూడు రోజుల తర్వాత చూస్తే సంచీ విప్పలేదు, బండ అయిపోయింది. అలాంటప్పుడు వండిన అన్నమే పంపాలి. పట్టణమైతే ఆంధ్రలో అన్న క్యాంటీన్, హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ క్యాంటీన్ ఉన్నాయి, 5 రూపాయలకే భోజనం.

సమస్య: వేలిముద్ర పడట్లేదు

కారణం: బీడీలు చుట్టి, బట్టలుతికి, సున్నం పిసికి గీతలు అరిగిపోయిన వేళ్లు. వయసుతో చర్మం ఎండిపోవడం ఇంకొకటి.

పరిష్కారం: చేతులు సబ్బుతో కడిగించి పొడిగా తుడవండి. మరీ పొడిబారి ఉంటే చుక్క కొబ్బరినూనె రాసి, జిడ్డు పోయేలా తుడిచేయండి. బొటనవేలే పెట్టాలని లేదు. ఆధార్‌లో పది వేళ్లూ ఉంటాయి, ఉంగరం వేలు, చిటికెన వేలు కూడా ప్రయత్నించండి. ఒక్కోసారి పని తక్కువ చేసే వేలే బాగా పలుకుతుంది.

అదీ కాకపోతే ఐరిస్, అంటే కంటిపాప స్కాన్ అడగండి, లేదా ఓటీపీ. ఓటీపీతో ఓ చిక్కుంది. ఆధార్‌కు ఇచ్చిన నంబరు చాలాసార్లు ఎక్కడో ఉన్న కొడుకుది. ఓటీపీ కొద్ది నిమిషాలే చెల్లుతుంది, ఆయన డ్యూటీలో ఫోన్ ఎత్తడు. షాపుకు బయల్దేరే ముందే "ఫలానా టైముకు ఫోన్ దగ్గర పెట్టుకో తమ్ముడూ" అని చెప్పి ఉంచండి. కార్డులో ఇంకెవరైనా ఉంటే వాళ్లు వేలు పెట్టినా సరిపోతుంది.

ఏదీ పనిచేయలేదని మనిషిని ఒట్టి చేతులతో పంపకూడదు. వేలిముద్ర పడలేదనో ఆధార్ జతకాలేదనో అర్హులకు రేషన్ ఆపొద్దని 2017 అక్టోబర్‌లో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. డీలర్‌తో గొడవ అక్కర్లేదు, ఈ సంగతి తహసీల్దార్ ఆఫీసులో చెప్పండి.

సమస్య: "ఈ నెల తీసుకున్నట్టు చూపిస్తోంది"

దొంగతనం అని అరిచే ముందు కొడుకుని అడగండి. పోర్టబిలిటీ, అంటే ఏ షాపులోనైనా తీసుకునే వీలు వచ్చాక కార్డులో పేరున్న ఎవరైనా వేరే ఊళ్లోనూ తీసుకోవచ్చు. పట్నంలో ఉన్న కోడలు అక్కడ మొత్తం తీసుకుంటే ఇక్కడ అవ్వకు సున్నా. ఏ షాపులో, ఏ తేదీన తీసుకున్నారో పౌరసరఫరాల శాఖ వెబ్‌సైట్‌లో కార్డు నంబరు కొడితే తెలుస్తుంది. ఇంట్లో వాళ్లెవరూ కాదని తేలితే రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కు ఫోన్ చేయండి.

సమస్య: పేరు పోయింది, లేదా కార్డు పనిచేయట్లేదు

ఎక్కువ సార్లు కారణం ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడం కాకపోవడం. రేషన్ షాపులోని యంత్రం మీదే చేస్తారు, వేలు లేదా కన్ను చాలు. ఇంకో కారణం కొత్తది. 2025 జులైలో కేంద్రం తెచ్చిన సవరణ ప్రకారం ఆరు నెలలు రేషన్ తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపుతారు. మూడు నెలల్లో ఇంటికొచ్చి విచారించి, ఈకేవైసీ చేసి తేల్చాలి. కూతురింట్లో ఉండి వచ్చిన వాళ్లు, ఆసుపత్రిలో పడున్న వాళ్లు ఇందులో ఇరుక్కుంటారు. ఆసుపత్రి కాగితాల్లాంటివి ఉంటే భద్రంగా ఉంచండి. పేరు మళ్లీ చేర్చమనే దరఖాస్తు తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో.

సమస్య: స్టాక్ లేదు, సర్వర్ లేదు

సర్వర్ అయితే మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్లండి. స్టాక్ అయితే పక్క షాపుకు పోండి, సొంత రాష్ట్రంలో ఏ షాపులోనైనా ఇవ్వాల్సిందే.

సమస్య: షాపుదాకా నడవలేరు

ఆంధ్రలో 65 ఏళ్లు దాటిన వాళ్లకు, వికలాంగులకు 2025 జూన్ నుంచి బియ్యం ఇంటికే తెచ్చివ్వాలి. తేవట్లేదంటే పేరు జాబితాలో ఉందో లేదో డీలర్‌ను అడగండి.

ఏదీ తేలకపోతే

కాగితం రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. కార్డు నంబరు, షాపు నంబరు, ఏ తేదీన వెళ్తే ఏం చెప్పారో మూడు వాక్యాల్లో చాలు. 2013 ఆహార భద్రత చట్టం కింద జిల్లాకో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఆయన పేరిటా ఓ ప్రతి పెట్టండి. అవ్వ సంతకమో వేలిముద్రో ఉండాలి. రశీదు లేకుండా బయటికి రావద్దు. దాన్ని ఫోటో తీసి మీ ఫోన్‌లో పెట్టుకోండి, అసలుది అవ్వ పెట్టెలోనే ఉండనివ్వండి.