కనుబొమల్లో తీయాల్సింది తక్కువ, చూడాల్సింది ఎక్కువ

మా వీధిలో ఒకావిడ కొడుక్కి జబ్బు నయమైందని కొండకు పోయి, కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చింది. నడుము దాటిన జడ ఆమెది. మూడో రోజు మధ్యాహ్నం కొంగు తలమీదుగా కప్పుకొని మా పార్లర్‌కి వచ్చింది. జుట్టు ఇచ్చినందుకు ఆమెకు బాధ లేదు. కానీ ఆ శనివారం చెల్లెలి కూతురి నిశ్చితార్థం ఉంది. "ముఖం బోసిగా ఉందక్కా, ఐబ్రోస్ బాగా సన్నగా తీసెయ్యి, కొంచెం కళ వస్తుంది" అంది.

నేను దారం ముట్టుకోలేదు. రెండు కనుబొమల నడుమ ఉన్న నాలుగైదు వెంట్రుకలు మాత్రం ప్లకర్‌తో తీశాను. కనుబొమల్లో పలచగా ఉన్నచోట ముదురు గోధుమరంగు పౌడర్ అద్దాను. కళ్లకు సన్నగా కాటుక, ఎప్పుడూ పెట్టుకునేదానికంటే కాస్త పెద్ద బొట్టు. అద్దంలో ఒక నిమిషం చూసుకొని, కొంగు తనే దించేసుకుంది.

గుండు ముఖాలు రోజూ కనబడే ఊరు మాది. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ ఈ పని చేస్తూ నాకు అర్థమైంది ఏమంటే, తలమీద జుట్టు ఉన్నన్నాళ్లూ కనుబొమలు చేసే పని ఎవరికీ కనబడదు. జుట్టు లేనప్పుడు ముఖం మొత్తాన్నీ అవే పట్టి నిలబెడతాయి. 2003లో అమెరికాలోని ఎంఐటీలో పవన్ సిన్హా బృందం ఒక పరీక్ష చేసింది. పేరున్నవాళ్ల ఫొటోల్లో కొన్నిటిలో కళ్లు చెరిపేశారు, కొన్నిటిలో కనుబొమలు చెరిపేశారు. కళ్లు లేని ఫొటోలకంటే కనుబొమలు లేని ఫొటోలనే జనం ఎక్కువగా పోల్చుకోలేకపోయారు. ఈ సంగతి చదివిన రోజు నాకు చాలా సంతోషం వేసింది, ఎందుకంటే నేను రోజూ చూస్తున్నది అదే.

అందుకే కనుబొమల మీద చెయ్యి వేసేముందు కొలత చూసుకోండి. ట్యూబ్‌లైటు కింద వద్దు, పొద్దున పూట కిటికీ పక్కన అద్దం పెట్టుకోండి. ఒక పెన్సిల్‌ని ముక్కు పక్కన, ముక్కుపుడక పెట్టుకునే చోట, నిలువుగా ఆనించండి. అది పైన తగిలే చోట కనుబొమ మొదలవ్వాలి. అక్కడే కింది కొసను కదపకుండా పెన్సిల్‌ను వాల్చి, నేరుగా చూస్తున్న కంటి నల్లగుడ్డు బయటి అంచు మీదుగా పోనివ్వండి. వంపు అక్కడ రావాలి. ఇంకొంచెం వాల్చి కంటి బయటి కొన మీదుగా పోనిస్తే, కనుబొమ ముగిసే చోటు తెలుస్తుంది. మూడు చోట్లా కాటుకతో చిన్న చుక్క పెట్టుకోండి. పార్లర్‌కి ఆ చుక్కలతోనే వెళ్లినా తప్పులేదు. మీ ముఖం గురించి మీకు తెలుసని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

ఈ చుక్కలు దాటితే ఏమవుతుందో చెబుతాను. మొదలు బాగా లోపలికి తీసేస్తే రెండు కళ్లూ దూరం జరిగినట్టు, ముక్కు వెడల్పైనట్టు కనిపిస్తుంది. మొదళ్లు దగ్గరగా వదిలేస్తే ఊరికే కూర్చున్నా కోపంగా ఉన్నారనుకుంటారు. వంపు మరీ పైకెత్తితే ఎప్పుడూ ఉలిక్కిపడినట్టు ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది చివర. కనుబొమ చివర దాని మొదలుకంటే కిందికి దిగితే, ఇరవై ఏళ్ల పిల్ల కూడా రాత్రంతా నిద్రలేనట్టు కనిపిస్తుంది. చాలాసార్లు అలా దిగిన రెండు మూడు వెంట్రుకలు తీస్తే చాలు, ముఖం తేటగా అవుతుంది.

ముఖం గుండ్రంగా ఉన్నవాళ్లకు వంపు కొంచెం తేలితే బాగుంటుంది. పొడుగు ముఖానికి వంపు తక్కువ, దాదాపు సమంగా ఉండాలి. దవడలు పలకలుగా ఉన్నవాళ్లకు వంపును కోణం లేకుండా మెత్తగా తిప్పాలి. దీనికి మించి చార్టులు పెట్టుకొని తలబద్దలు కొట్టుకోవద్దు. కనుబొమ కింద ఎముక ఎటు తిరిగితే వంపు అటే కుదురుతుంది, వేలుపెట్టి తడిమితే మీకే తెలుస్తుంది. నేనైతే కుర్చీలో కూర్చోబెట్టి కాసేపు మాట్లాడిస్తాను. మాట్లాడేటప్పుడు చాలామందికి ఒక కనుబొమ ఎక్కువ లేస్తుంది. అది చూడకుండా రెండిటినీ స్కేలు పెట్టినట్టు సమానం చేస్తే, నవ్వగానే తేడా బయటపడుతుంది.

సన్నగా తీయమని అడిగేవాళ్లను నేను ఎందుకు ఆపుతానో కూడా చెప్పాలి. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, పని నేర్చుకున్న చోట, మాలో ఒకరి మీద ఒకరం ప్రాక్టీసు చేసేవాళ్లం. అప్పట్లో దారంలాంటి కనుబొమలే ఫ్యాషన్. రెండేళ్లు వారం వారం తీయించుకున్నాను. తర్వాత మళ్లీ పెంచుదామంటే చివర మూడోవంతు రాలేదు. పదే పదే లాగితే కుదురు దెబ్బతిని, కొన్ని వెంట్రుకలు ఇక పుట్టవు. నా పెళ్లి ఫొటోల్లో కనుబొమల చివర్లు పెన్సిల్‌తో గీసినవే. ఇప్పటికీ పొద్దున లేవగానే మొదట చేసే పని ఆ గీత గీసుకోవడమే. మహిళా యూనివర్సిటీ హాస్టల్ నుంచి వచ్చే పిల్లలకు బొట్టు తీసినంత తేలిగ్గా కొంగుతో దాన్ని తుడిచేసి చూపిస్తాను.

ఇంట్లో దిద్దుకోవడం కష్టమేమీ కాదు. పాత మస్కారా బ్రష్ శుభ్రంగా కడిగి ఆరబెట్టుకోండి. దానితో వెంట్రుకలను ముందు పైకి దువ్వండి, ఖాళీలు ఎక్కడున్నాయో అప్పుడే కనిపిస్తాయి. పెన్సిల్‌గానీ పౌడర్‌గానీ నలుపు వద్దు. మన జుట్టు ఎంత నల్లగా ఉన్నా ముదురు గోధుమరంగే చర్మంలో కలిసిపోతుంది. నలుపు అతికించినట్టు కనిపిస్తుంది. కాటుకను కనుబొమలకు అసలు వాడొద్దు, మన ఎండకు కరిగి రెప్ప మీదికి దిగుతుంది. చుట్టూ గీత గీసి లోపల నింపడం కాదు. వెంట్రుక ఎటు మొలిచిందో అటే చిన్న చిన్న గీతలు పెట్టాలి. రంగు చివర ఎక్కువ, మధ్యలో కొంచెం తక్కువ, మొదట్లో దాదాపు లేనట్టు ఉండాలి. ఆఖర్న మళ్లీ ఒకసారి దువ్వండి. కలబంద జెల్ చిటికెడు రాస్తే వెంట్రుకలు నిలబడతాయి.

చెమట సంగతి మా ఊళ్లో చిన్నది కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేరోజు కనుబొమలకు ఏదీ పెట్టుకోకండి. చెమట కంట్లోకి దిగకుండా పక్కకు మళ్లించేవి అవే, కానీ మెట్లెక్కేటప్పుడు పట్టే చెమటకు రంగు కరిగి కళ్లలోకి పోతుంది. పెళ్లికూతుళ్ల విషయం వేరు. తిరుచానూరులో తెల్లవారుజాము ముహూర్తమంటే రాత్రి రెండింటికే మేకప్ మొదలుపెడతాం, ఆపైన హోమం వేడి. తడికి చెదరని క్రీము సన్నగా వేసి, దానిమీద అదే రంగు పౌడర్ అద్దితే తలంబ్రాల దాకా నిలుస్తుంది. త్రెడింగ్ మాత్రం మూడు నాలుగు రోజుల ముందే అయిపోవాలి. నలుగు పెట్టే రోజున చేయించుకుంటే, దారం లాగిన చోట పిండి రుద్దేసరికి మంట, ఎర్రటి దద్దుర్లు.

వేదిక మేకప్‌కి ఈ లెక్కలు పనికిరావు. మా సంగీత నృత్య కళాశాల పిల్లలు ప్రోగ్రాములకు ముందు వస్తారు. నాట్యశాస్త్రంలో కనుబొమల కదలికలే ఏడు చెప్పారని వాళ్ల దగ్గరే విన్నాను. ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లకు ఆ కదలిక అందాలంటే నల్లగా, కణత వైపు పొడిగించి దిద్దాల్సిందే. అదే ముఖంతో బయటికొచ్చి బస్సెక్కితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

దారం పని చేయించుకునేటప్పుడు కొత్త దారం తీయమని అడగండి. నోట్లో కరిచిపట్టే దారం వద్దని, మెడకు కట్టుకొని చేయమని చెప్పండి. మొహమాటపడే విషయం కాదు ఇది. రెప్పను మీరే కిందికి, నుదుటిని పైకి బాగా లాగిపట్టుకోండి, చర్మం వదులుగా ఉంటేనే తెగుతుంది. మొటిమలకు రెటినాయిడ్ క్రీము రాసుకునేవాళ్లు కనుబొమలకు వ్యాక్సింగ్ జోలికి పోవద్దు, చర్మం ఊడి వస్తుంది.

తెల్లబడ్డ కనుబొమలకు తలకు వేసే రంగు వేయమని పెద్దవాళ్లు అడుగుతుంటారు. నేను వేయను. ఆ ప్యాకెట్ తిప్పి చూడండి, కనుబొమలకూ రెప్పలకూ వాడితే చూపు పోయే ప్రమాదం ఉందని రాసి ఉంటుంది. అమ్మా, పెన్సిల్‌తో రోజూ రెండు నిమిషాలు దిద్దుకో అని నేర్పించి పంపిస్తాను. ఇంకొకటి, ఏమీ తీయించుకోకుండానే చివర మూడోవంతు పలచబడి, ఒళ్లు బరువు, నీరసం కూడా ఉంటే ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

ఇప్పటికే సన్నగా తీయించుకున్నవాళ్లు దిగులుపడకండి. కనుబొమ వెంట్రుక పుట్టి, పెరిగి, రాలి, మళ్లీ రావడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. అన్నాళ్లూ అడ్డదిడ్డంగా మొలుస్తాయి, చూడ్డానికి బాగుండదు, చెయ్యి ఊరుకోదు. అయినా ముట్టుకోకండి, పౌడర్‌తో దిద్దుకుంటూ ఉండండి. ఆలోపు మా పార్లర్‌కి వచ్చినా రెండిటి నడుమ ఉన్నవి మాత్రమే తీసి పంపిస్తాను. దానికి డబ్బు కూడా తీసుకోను.