"కూలింగ్ ఇచ్చారా?" అన్న గడి నింపే ముందు

మా ఐసీయూలో డేటా ఎంట్రీకి కొత్తగా వచ్చిన సిస్టర్లు తడబడేది ఎక్కువగా ఈ గడి దగ్గరే. కూలింగ్ అంటే, ఆగిన గుండె మళ్లీ కొట్టుకున్నాక మెదడు దెబ్బతినకుండా పేషెంటు ఒళ్లు కావాలని చల్లబరచడం. కార్డియాక్ అరెస్ట్ తర్వాత గుండె మళ్లీ కొట్టుకుంది, స్పృహ మాత్రం రాలేదు. చార్టులో టెంపరేచర్ 34.8 డిగ్రీల సెల్సియస్ కనిపిస్తుంది. వెంటనే "అవును" నొక్కేస్తారు. ఆగండమ్మా! అరెస్ట్ అయిన మనిషి ఒళ్లు దానంతటదే చల్లబడుతుంది, పైగా మన ఏసీ ఒకటి. ఒళ్లు చల్లగా ఉండటం వేరు, మనం చల్లబరచడం వేరు.

అందుకే ముందు డాక్టరుగారి ఆర్డర్ వెతకండి. టార్గెట్ ఎంత రాశారు? 2002లో రెండు ట్రయల్స్ వచ్చాక 32–34 డిగ్రీలకు దించడం వాడుకలోకి వచ్చింది. 2013లో ఇంకో ట్రయల్‌లో 33కీ 36కీ ఫలితంలో తేడా కనిపించలేదు. 2021లో టీటీఎం2 ట్రయల్, 33కి దించినా, జ్వరం రాకుండా చూసుకున్నా ఆరు నెలల నాటికి మరణాలు దాదాపు ఒకటేనని చెప్పింది. ఇప్పుడు చాలామంది జ్వరం రానివ్వకపోతే చాలంటున్నారు. కాబట్టి టార్గెట్ అంకె రాయకుండా ఉత్త "అవును" పెడితే, 33కి దించిన పేషెంటూ 37.5 దాటకుండా చూసిన పేషెంటూ ఒకే లెక్కలో పడిపోతారు. అంకెకు వేరే గడి లేకపోతే రిమార్క్స్‌లో రాయండి.

తర్వాత టైములు. ఆర్డర్ 2:30కి రాసి ఉంటుంది, నర్సింగ్ నోట్స్‌లో "ఐస్ ప్యాక్స్ పెట్టాం" అని 3:10కి ఉంటుంది. కూలింగ్ మొదలైంది 3:10కి. టార్గెట్ అందుకున్న టైము, మళ్లీ వేడెక్కించడం మొదలుపెట్టిన టైము కూడా కావాలి. నైట్ డ్యూటీ కేసుల్లో తేదీ చూసుకోండి. గుండె రాత్రి 11:50కి తిరిగి కొట్టుకుంది, కూలింగ్ 1:15కి మొదలైంది అనుకుందాం. రెండింటికీ ఒకే తేదీ వేశారో, గుండె కొట్టుకోకముందే కూలింగ్ ఇచ్చినట్టు తేలుతుంది.

టెంపరేచర్ ఎక్కడ చూశారో కూడా రాయండి. చంకలో చూసింది ఈ పనికి నమ్మదగ్గది కాదు. అన్నవాహికలో పెట్టే ప్రోబ్ (టెంపరేచర్ కొలిచే సన్నటి తీగ) మంచిది. బ్లాడర్ ప్రోబ్ కూడా సరే, కానీ యూరిన్ రాని పేషెంటులో దాని అంకెను నమ్మలేం.

ఐసీయూ పేషెంటు జబ్బు ఎంత తీవ్రంగా ఉందో లెక్కేసే అపాచీ 2 స్కోరు దగ్గర ఇంకో చిక్కుంది. మనం 33కి దించిన పేషెంటుకి టెంపరేచర్ వల్లే 2 పాయింట్లు పడతాయి. అయ్యో, మనమే కదా దించాం అని 37 వేయకండి, కొలిచింది కొలిచినట్టే వేయండి. కూలింగ్ గడి సరిగ్గా ఉంటే ఆ 2 పాయింట్లు ఎందుకొచ్చాయో తర్వాత చూసేవాళ్లకు తెలుస్తుంది. జీసీఎస్ (స్పృహ ఎంతుందో చెప్పే స్కోరు) మాత్రం మా దగ్గర సెడేషన్, అంటే మత్తుమందు, ఇవ్వకముందుది వేస్తాం. మీ డేటాబేస్ రూల్ ఏమిటో ఒకసారి కనుక్కోండి.

బీపీ పడిపోయో, రక్తస్రావం వల్లో మధ్యలో ఆపేశారా? అప్పుడూ "అవును" అనే ఉంచి, ఆపిన టైము, కారణం రాయండి. ఆర్డర్ రాసి అసలు మొదలే పెట్టకపోతే మాత్రం "లేదు". నోట్స్ అర్థం కాకపోతే ఊహించి నింపకుండా, డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి షిఫ్ట్ మారకముందే ఫోన్ చేయండి.