నీళ్లెక్కువై వాలిన కుండీ టమాటా: మళ్లీ నీళ్లు ఎప్పుడు, ఎరువు ఎప్పుడు

మొక్క వాలిపోయి కనిపిస్తే చెయ్యి ముందు మగ్గు మీదికే పోతుంది. మట్టి తడిగా ఉండగానే టమాటా వాలిందంటే మాత్రం ఆ మగ్గుడు నీళ్లే దాని ప్రాణం తీస్తాయి. వేళ్లకు గాలి కూడా కావాలి. మట్టి సందులన్నీ నీటితో నిండితే వేళ్లకు ఆక్సిజన్ అందదు, అప్పుడవి నీళ్లను పైకి తోడలేవు. చుట్టూ నీళ్లున్నా మొక్క దాహంతో వాలిపోయేది అందుకే.

దాహంతో వాలిన ఆకు పల్చబడి గుడ్డపేలికలా వేలాడుతుంది, కుండీ ఎత్తితే తేలిగ్గా లేస్తుంది. నీళ్లెక్కువైన మొక్కలో, కనీసం మొదట్లో, ఆకు బిరుసుగానే ఉంటుంది, కాడ మాత్రం కిందికి వంగుతుంది. ఊపిరాడని వేళ్ల వల్ల మొక్కలో ఎథిలిన్ అనే వాయు హార్మోన్ పెరగడమే ఆ వంపుకు కారణం. తర్వాత కింది ఆకులు పసుపెక్కుతాయి. అనుమానముంటే ఒక పొడి చెక్కపుల్లను 10 సెంటీమీటర్ల లోతుకు గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. దానికి తడి మట్టి అంటుకుని వస్తే నీళ్లు ఆపేయాల్సిందే. పైమట్టిని చూసి మోసపోవద్దు. కోకోపీట్ (కొబ్బరిపొట్టు) పైన పొడిపొడిగా ఉండి అడుగున చిత్తడిగా ఉండగలదు.

ముందు కుండీ కింది పళ్లెం తీసేసి, అడుగు రంధ్రాలు పూడిపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. తర్వాత కుండీని ఒక అంచు కింద ఇటుక పెట్టి ఏటవాలుగా వంచి, గంటసేపు వదిలేయండి. నిటారుగా ఉన్నప్పుడు అడుగున నిలిచిపోయిన నీటిలో కొంత, వంచగానే మళ్లీ కారుతుంది. అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా పోతాయనేది ఉత్త నమ్మకం. ఆ నిలవ తడి రాళ్లకు పైనున్న మట్టిలోకి జరుగుతుందంతే.

నాలుగైదు రోజులు వెలుతురున్న నీడలో, గాలి ఆడేచోట ఉంచండి. చీకటి గదిలో పెడితే మట్టి ఆరదు. మట్టి నుంచి మురుగు వాసన వస్తుంటే మాత్రం ఆగకుండా మొక్కను బయటికి తీసి వేళ్లు చూడాలి. తెల్లగా, గట్టిగా ఉన్నవి బాగున్నట్టే. గోధుమరంగు వేరును రెండు చేతివేళ్లతో పట్టి లాగినప్పుడు పైతొడుగు జారిపోయి లోపలి దారం మిగిలితే అది కుళ్లినట్టు. వాటిని శుభ్రమైన కత్తెరతో తీసేయండి. సగం వేళ్లు పోతే పైభాగంలో మూడో వంతు కత్తిరించి, పూలు, పిందెలు తుంచేయండి. మిగిలిన వేళ్లకు సరిపడా చిన్న కుండీలో, కోకోపీట్, వర్మీకంపోస్టు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళ్లు) కలిపిన కొత్త మిశ్రమంలో నాటండి. ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కొత్త వేళ్లకు కాపుగా పనికొస్తుంది కానీ కుళ్లినదాన్ని బాగుచేయదు.

ఇక నీళ్లు. రోజుల లెక్క కన్నా తూకం నయం. నిండుగా తడిసి, కారడం ఆగాక 7 కిలోలున్న కుండీ 5 కిలోలకు దిగిందంటే సుమారు 2 లీటర్ల నీళ్లు తగ్గినట్టు. పైన 4-5 సెంటీమీటర్లు ఆరి, కుండీ అంత తేలికయ్యాకే పోయండి. కోలుకునే మొక్కకు మొదటి రెండుసార్లు తగ్గిన నీళ్లలో సగమే, అంటే ఇక్కడ లీటరు, పావుగంట తేడాతో రెండు విడతలుగా. కొత్త చిగురు కదిలాక పోసినదాంట్లో పదో వంతు అడుగు నుంచి కారేంతవరకు పోయవచ్చు. పళ్లెంలోకి దిగినవి అరగంటలో పారబోయాలి. రోజూ గ్లాసుడు చొప్పున పోసే అలవాటే మొక్కను ఇక్కడికి తెచ్చింది.

పసుపెక్కిన ఆకులు చూసి ఎరువు వేయడం రెండో తప్పు. అక్కడ చాలాసార్లు లోటు ఎరువుది కాదు, దాన్ని పీల్చే వేళ్లది. వాడని లవణాలు పేరుకుంటే లేత వేరుకొనలు మాడతాయి. నూనెగింజల చెక్కపిండి నానబెట్టిన నీళ్లు ఇంకా చెడ్డవి, కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తాయి. ముదిరి పసుపెక్కిన ఆకు మళ్లీ పచ్చబడదు కాబట్టి దాన్ని చూడటం మానేసి మొక్క కొసను చూడండి. రెండు కొత్త ఆకులు పచ్చగా విచ్చుకున్నాక, సాధారణంగా 10-14 రోజులకు, మొదలుపెట్టొచ్చు.

నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండి నీటిలో కరిగే 19:19:19 ఎరువు పాకెట్ మీద లీటరుకు 4 గ్రాములని ఉంటే 1 గ్రాముతో మొదలుపెట్టండి, అదీ మామూలు నీళ్లతో మట్టి తడిపాక. పది రోజులకు 2 గ్రాములు. ఆకు అంచులు మాడకపోతే ఆ తర్వాతి విడతకు పూర్తి మోతాదు. పిందె పడే వేళకు కాల్షియం నైట్రేట్ ఇవ్వాలనుకుంటే విడిగా, వేరే రోజు ఇవ్వండి. ఫాస్ఫేట్ ఉన్న 19:19:19తో ఒకే నీళ్లలో చిక్కగా కలిపితే విరిగి, తెల్లగా అడుగుకు దిగుతుంది. కాయ అడుగున నల్లమచ్చ వస్తే ఇంకాస్త కాల్షియం పోసే ముందు కుండీ తూకం చూసుకోండి. తడి, పొడి మధ్య ఊగే కుండీలో కాల్షియం ఉన్నా కాయకు చేరదు.