పాత ఏఆర్9 స్పీకర్లు: శబ్దం తేడాగా ఉంటే ఎక్కడ వెతకాలి

అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో 1954లో మొదలైన అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ, ఏఆర్9ని 1978లో తెచ్చింది. నేల మీద నిలబెట్టే ఈ స్పీకర్‌లో ఐదేసి డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే భాగాలు. వాటిలో రెండు బాస్ పలికే 12 అంగుళాల ఊఫర్లు, చెరో పక్కన. ఏఆర్ అనే పేరు తర్వాత చేతులు మారింది కానీ, వీటిని తయారుచేసిన కంపెనీ ఇప్పుడు లేదు. ఒరిజినల్ డ్రైవర్ పోతే కంపెనీ నుంచి కొత్తది రాదు. అందుకే డ్రైవర్ మార్చడం ఎప్పుడూ ఆఖరి మాటే.

ఒక పక్కే తేడాగా ఉంటే

ఆంప్ (యాంప్లిఫయర్) ఆపి, ఎడమ, కుడి స్పీకర్ వైర్లు అటూ ఇటూ మార్చండి. లోపం రెండో స్పీకర్‌కి మారితే తప్పు ఆంప్‌లోనో, దాని ముందో ఉంది. స్పీకర్ విప్పే పనే లేదు.

బాస్ పలచబడింది, లేదా గరగర వస్తోంది

ఎక్కువగా కారణం ఊఫర్ అంచున ఉండే ఫోమ్ సరౌండ్, అంటే కోన్ చుట్టూ ఉండే మెత్తటి పట్టీ. తేమకి ఆ ఫోమ్ చివికిపోతుంది, విశాఖలాంటి సముద్రతీర ఊళ్లలో మరీ త్వరగా. పక్క గ్రిల్ తీసి టార్చ్ వేసి చూడండి. ఫోమ్ జిగురుగా ఉన్నా, ముట్టుకుంటే పొడిగా రాలినా దాని పని అయిపోయినట్టే. ఇక పాటలు పెట్టకండి. పట్టు తప్పిన వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగ చుట్ట) అయస్కాంతానికి రాసుకుంటే, ఫోమ్‌తో పోయే రిపేరు కాయిల్ దాకా వస్తుంది.

ఫోమ్ బాగుంటే రెండు చేతుల వేళ్లతో కోన్‌ని మెల్లగా, సమంగా లోపలికి నొక్కండి. రెండు ఊఫర్లకీ లోపలి గాలి ఒకటే కాబట్టి, అవతలిది బయటికి రావాలి. రాకపోతే గాలి ఎక్కడో లీకవుతోంది. ఊఫర్ కింది గాస్కెట్ (గాలి పోకుండా ఉంచే పట్టీ) మార్చి స్క్రూలు సమంగా బిగించండి. ఇది గాలి పోకుండా మూసేసిన సీల్డ్ పెట్టె, లోపలి గాలే స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. చిన్న లీకు కూడా బాస్‌ని పాడుచేస్తుంది.

ఫోమ్ మార్చాల్సి వస్తే ఏఆర్ 12 అంగుళాల ఊఫర్ కోసమే చేసినది కొనండి. రబ్బరు సరౌండ్ ఎక్కువ కాలం మన్నుతుందని అంటారు, నిజమే. కానీ బిగువుగా ఉంటే కోన్ కదలిక మారి, ఈ స్పీకర్‌కి పేరు తెచ్చిన లోతైన బాస్ తగ్గుతుంది. నేనైతే ఫోమే వేస్తాను. జిగురు ఆరేలోపు 20–30 హెర్ట్జ్ టోన్ చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, గరుకు శబ్దం లేకుండా కోన్‌ని మధ్యకి సర్దండి.

ట్వీటర్ (సన్నని శబ్దాల డ్రైవర్) గానీ మిడ్ (మధ్య శబ్దాల డ్రైవర్) గానీ వినిపించడం లేదు

కాలిపోయిందని టెన్షన్ పడకండి. ముందుభాగంలో మిడ్‌లకీ ట్వీటర్‌కీ స్థాయి తగ్గించే మూడు స్విచ్‌లుంటాయి. ఏళ్ల తరబడి కదపకపోతే కాంటాక్టులకి తుప్పు పడుతుంది. ఆంప్ ఆపి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, చాలాసార్లు అటూ ఇటూ కదిపి చూడండి. అప్పటికీ పలకకపోతే ఆ డ్రైవర్ వైరు విడదీసి మల్టీమీటర్ పెట్టండి. కొన్ని ఓమ్‌లు చూపిస్తే కాయిల్ తెగలేదు, లోపం క్రాసోవర్‌లో, అంటే శబ్దాన్ని డ్రైవర్లకి పంచే సర్క్యూట్‌లో ఉంది.

అన్నీ పలుకుతున్నా శబ్దం మసకగా ఉంది

క్రాసోవర్‌లోని కెపాసిటర్ల వయసు చూడండి. పాతబడితే మార్చాలి. అదే విలువ ఉన్న నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) రకమే వేయాలి, రెండు స్పీకర్లకీ ఒకేసారి.

వాల్యూమ్ పెంచితే ఆంప్ ఆగిపోతోంది

ఏఆర్9 నాలుగు ఓమ్‌ల స్పీకర్. ఆంప్ వెనక ఎనిమిది ఓమ్‌లే రాసుంటే దీనికి అది సరిపోదు.